వాన ఉదయం వణికి, ఘాట్‌లో కుదిపే పాత కారు: ఐదు వేలలో లోపం పట్టుకోవడం ఎలా?

ప్రశ్న: నేను చిత్తూరులో ఒక ప్రైవేటు పాఠశాలలో లెక్కలు చెబుతాను. మా మామయ్య వాడిన 2008 మోడల్ పెట్రోలు కారును మూడేళ్ల క్రితం తీసుకున్నాను. నాలుగు సిలిండర్ల 1.1 లీటరు ఇంజను, లక్షా ముప్పై వేల కిలోమీటర్లు తిరిగింది. అమ్మకు వారానికి రెండుసార్లు తిరుపతిలో డయాలసిస్ చేయించాలి. కారు ముఖ్యంగా అందుకే. నాలుగు నెలలుగా ఇంజను మిస్సింగ్ వస్తోంది, కానీ ఎప్పుడూ ఉండదు. వాన పడిన ఉదయం స్టార్ట్ చేస్తే పది నిమిషాలు వణికి తరువాత సర్దుకుంటుంది. పలమనేరు వెళ్లేటప్పుడు మొగిలి ఘాట్‌లో మూడో గేరులో రేసు ఇస్తే టకటకమని కుదుపుతుంది. మామూలు రోడ్డు మీద, సిగ్నల్ దగ్గర దాదాపు బాగానే ఉంటుంది. మైలేజీ 16 నుంచి 13కు పడింది. మొదటి మెకానిక్ ప్లగ్గులు మార్చారు. వారం బాగుండి మళ్లీ మొదలైంది. రెండో ఆయన పెట్రోలు పంపు మార్చాలి, ఏడు వేలు అన్నారు. మూడో ఆయన ఇంజను దింపాలి, ఇరవై ఎనిమిది వేలు అన్నారు. బంధువుల అబ్బాయి ఫోనుకు కలిపే స్కానర్ తగిలిస్తే అది కారుతో కలవనే లేదు. బానెట్ ఎత్తితే రెండు కాయిళ్లు, వాటి నుంచి నాలుగు లావు వైర్లు కనిపిస్తాయి. ఆ వైర్లు కారుతో వచ్చినవే. నా దగ్గర ఐదు వేలకు మించి లేదు. ఏం చేయమంటారు?

సమాధానం:

మాస్టారు గారికి నమస్కారం.

ముందుగా రెండు మాటలు. ఇంజను దింపించకండి, పెట్రోలు పంపు కొనకండి. మీరు చెప్పిన ముగ్గురు మెకానిక్‌లలో ఎవరినీ నేను తప్పుపట్టడం లేదు. మీరు కారు తీసుకెళ్లిన సమయానికి అది బాగానే నడుస్తూ ఉండి ఉంటుంది. లోపం కళ్లెదుట లేనప్పుడు ఎవరైనా తమ అనుభవంలో ఎక్కువగా ఎదురైనదాన్నే చెబుతారు. వచ్చిపోయే జబ్బుకు మందు వేయాలంటే అది ఎప్పుడు వస్తోంది, ఎప్పుడు పోతోంది అన్నదే మొదట చూడాలి. ఆ వివరం మీరు ఉత్తరంలో చాలా శ్రద్ధగా రాశారు. సగానికి పైగా సమాధానం అందులోనే ఉంది.

సిలిండర్‌లో పెట్రోలు మండాలంటే సరైన పాళ్లలో గాలి, పెట్రోలు ఉండాలి, ఆ మిశ్రమం గట్టిగా నొక్కుకుపోవాలి, సరైన క్షణంలో ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ పుట్టాలి. వీటిలో ఏది తప్పినా ఆ సిలిండర్ ఆ విడత పని చేయదు, దాన్నే మిస్సింగ్ అంటాం. ఇంజను నిమిషానికి మూడు వేల చుట్లు తిరుగుతున్నప్పుడు ఒక్కో సిలిండర్ సెకనుకు ఇరవై అయిదు సార్లు మండాలి. అందులో రెండు మూడు సార్లు తప్పినా మీకు కుదుపు తెలుస్తుంది. అంటే ఆ భాగం పూర్తిగా చెడిపోలేదు, చాలా సార్లు పని చేస్తూనే అప్పుడప్పుడు తప్పుతోంది. ఇలాంటి లోపాన్ని షెడ్డులో నిలబెట్టిన కారులో పట్టుకోవడం కష్టం కావడానికి కారణం ఇదే.

మీ కారుకు వాన ఉదయం, ఘాట్ ఎక్కుడు అనే రెండు సందర్భాలూ పడటం లేదు. పైకి వీటికి సంబంధం లేనట్టు కనిపిస్తుంది, కానీ ఉంది. బ్యాటరీ వోల్టేజీని ఎన్నో రెట్లు పెంచేది కాయిల్, దాని నుంచి ప్లగ్గుకు వెళ్లే విద్యుత్తు ఇరవై వేల వోల్టులను మించగలదు. దాన్ని దారి తప్పకుండా తీసుకెళ్లేది వైరు చుట్టూ ఉన్న రబ్బరు తొడుగు, ప్లగ్గు మీద కూర్చునే రబ్బరు టోపీ, ప్లగ్గు తెల్లటి పింగాణీ, ఈ మూడే. పదిహేనేళ్లకు పైగా ఇంజను వేడిలో ఉడికిన రబ్బరులో కంటికి కనిపించని పగుళ్లు వస్తాయి. వాన ఉదయం ఆ పగుళ్లలో తేమ చేరి విద్యుత్తుకు అడ్డదారి దొరుకుతుంది, పది నిమిషాల్లో ఇంజను వేడికి తేమ ఆరిపోగానే ఆ దారి మూసుకుంటుంది. ఘాట్‌లో తేమ ఉండదు గానీ, మీరు రేసు గట్టిగా ఇచ్చినప్పుడు సిలిండర్‌లోకి గాలి, పెట్రోలు ఎక్కువగా వెళ్లి లోపలి ఒత్తిడి పెరుగుతుంది. ఒత్తిడి పెరిగిన చోట నిప్పురవ్వ దూకడానికి ఇంకా ఎక్కువ వోల్టేజీ కావాలి. వోల్టేజీ పెరిగే కొద్దీ అది ప్లగ్గు చివర దూకడం మాని, పగిలిన రబ్బరులోంచి దగ్గర్లోని లోహం మీదకు దూకుతుంది. రెండు సందర్భాల్లోనూ జరుగుతున్నది ఒకటే, నిప్పు దారి తప్పుతోంది.

కొత్త ప్లగ్గులు వేసిన వారం పాటు బాగుండటం కూడా ఇదే కథలో భాగం. కొత్త ప్లగ్గు అంచులు పదునుగా, గ్యాప్ (నిప్పురవ్వ దూకే సందు) సరిగ్గా ఉంటాయి కాబట్టి తక్కువ వోల్టేజీకే నిప్పు వస్తుంది, పాత వైర్లు ఆ కాస్త బరువును మోయగలిగాయి. తరువాత అవి మళ్లీ లీకు కావడం మొదలుపెట్టాయి. మైలేజీ తగ్గడానికీ కారణం ఉంది. మండని విడతలో పెట్రోలు వృథాగా సైలెన్సర్‌లోకి పోతుంది, దానితోపాటు వాడుకోని ఆక్సిజన్ కూడా పోతుంది. అక్కడ ఉన్న ఆక్సిజన్ సెన్సర్ ఆ ఆక్సిజన్‌ను చూసి పెట్రోలు తక్కువైందని పొరబడి, కంప్యూటర్ చేత ఇంకాస్త పెట్రోలు పోయిస్తుంది.

పెట్రోలు పంపు నీరసించిన కారు ప్రవర్తన వేరు. ఘాట్‌లో దాని ఊపిరి అందనట్టు శక్తి మెల్లగా, నాలుగు సిలిండర్లకూ ఒకేసారి తగ్గుతుంది. రేసు ఎంత తొక్కినా బండి ముందుకు పోదు గానీ, టకటకమనే పదునైన కుదుపు ఉండదు. పంపు పెట్రోలు ట్యాంకు లోపల మునిగి ఉంటుంది, దానికి వానతో పనే లేదు. ఇక ఇంజను దింపాల్సినంతగా రింగులో వాల్వులో అరిగిపోయి ఉంటే, ఆ సిలిండర్ ఎండలోనూ వానలోనూ సిగ్నల్ దగ్గర వణుకుతూనే ఉంటుంది, ఆయిల్ తగ్గుతుంది, సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తుంది. ఇవేవీ మీరు రాయలేదు. ఇవి లేవని నూటికి నూరు పాళ్లు చెప్పలేను, కానీ వీటి కోసం మొదటి రూపాయి ఖర్చు పెట్టడం న్యాయం కాదు.

స్కానర్ ఎందుకు కలవలేదంటే, మన దేశంలో ఆన్‌బోర్డ్ డయాగ్నస్టిక్స్ (కారు తన లోపాలను తానే గుర్తించి నమోదు చేసే ఏర్పాటు) నిబంధన, బీఎస్-4 అనే కాలుష్య ప్రమాణానికి లోబడిన కార్లకు 2010 ఏప్రిల్ నుంచి మొదటి దశగా, 2013 ఏప్రిల్ నుంచి రెండో దశగా వచ్చింది. మీది 2008 కారు. అప్పట్లో ఒక్కో కంపెనీ తన సొంత పద్ధతిలో కంప్యూటర్‌తో మాట్లాడేది, ఆన్‌లైన్‌లో దొరికే చవక స్కానర్లు వాటిలో చాలావాటిని చదవలేవు. అది మీ కారు లోపం కాదు. కొత్త కారు ఉన్న పాఠకులకు మాత్రం ఒక మాట చెప్పాలి. స్కానర్‌లో పీ0301 నుంచి పీ0304 వరకు కోడ్ వస్తే చివరి అంకె సిలిండర్ నంబరు, పీ0300 వస్తే ఒక్క సిలిండర్‌కు కట్టుబడని మిస్సింగ్. ఇంజను లైటు వెలిగి ఉండటం వేరు, ఆగి ఆగి మెరవడం వేరు. మెరుస్తుంటే మండని పెట్రోలు క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి (పొగలోని విషవాయువులను తగ్గించే భాగంలోకి) చేరి దాన్ని కాల్చేస్తోందని అర్థం. అప్పుడు రేసు తగ్గించి బండి పక్కకు ఆపాలి, ఎందుకంటే కన్వర్టర్ ఖరీదు ముందు వైర్ల ఖరీదు చాలా చిన్నది.

మీరు లెక్కల మాస్టారు కాబట్టి నేను అడగబోయేది మీకు భారం కాదనుకుంటాను. ఒక నోటు పుస్తకం కారులో పెట్టండి. కుదుపు వచ్చిన ప్రతిసారీ తేదీ, టైము, వాన ఉందా లేదా, స్టార్ట్ చేసి ఎన్ని నిమిషాలైంది, ఏ గేరు, రేసు ఎంత తొక్కారు, పెట్రోలు ముల్లు ఎక్కడుంది, ఏసీ నడుస్తోందా అన్నవి కారు ఆపిన తరువాత రాయండి. పది నమోదులు చేరేసరికి నేను పైన చెప్పిన ఊహ నిలుస్తుందో లేదో మీకే కనిపిస్తుంది. ఉదాహరణకు, కుదుపులన్నీ పెట్రోలు ముల్లు రిజర్వుకు చేరిన రోజుల్లోనే ఉంటే నా ఊహ తప్పు, రెండో మెకానిక్ మాటకు బలం వస్తుంది.

ఇక చేతి పని. ఇంజను పూర్తిగా చల్లారిన తరువాత, అంటే రాత్రి నిలబెట్టి పొద్దున్నే, ప్లగ్గు వైర్లను ఒక్కొక్కటిగా తీయండి. వైరును పట్టుకుని లాగకూడదు, చివర ఉన్న రబ్బరు టోపీని పట్టుకుని అటూ ఇటూ కాస్త తిప్పి పైకి లాగాలి. తీసే ముందు ప్రతి వైరుకూ సిలిండర్ నంబరు రాసిన కాగితం అంటించండి. ప్లగ్గులు ఉండే గుంటల్లోకి తొంగి చూడండి. ఆయిల్ నిలిచి ఉంటే ట్యాపెట్ కవర్ (ఇంజను పై మూత) ప్యాకింగ్ కారుతోందని అర్థం. ఆ ఆయిల్‌లో నానిన రబ్బరు టోపీ మెత్తబడి లీకు అవుతుంది, కాబట్టి ప్యాకింగ్ మార్చకుండా కొత్త వైర్లు వేస్తే కొద్ది నెలలకే అవీ పాడవుతాయి. నీళ్లు కనిపిస్తే సర్వీసులో ఇంజను మీద ప్రెషర్‌తో నీళ్లు కొట్టారేమో గుర్తు చేసుకోండి. ఇంత పాత కారుకు ఇంజను నీళ్లతో కడిగించడం మానుకోవాలి, తడి గుడ్డతో తుడిస్తే చాలు.

ప్లగ్గులు బయటికి తీశాక నాలుగింటినీ ఒక తెల్ల కాగితం మీద సిలిండర్ల వరుసలో పెట్టి, కిటికీ వెలుతురులో చూడండి. మండే కొన లేత గోధుమ రంగులో ఉంటే ఆ సిలిండర్ ఆరోగ్యంగా ఉన్నట్టు. పొడి మసితో నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది. పెట్రోలు వాసనతో తడిగా ఉంటే అక్కడ నిప్పు పడటం లేదు. జిగటగా ఆయిల్ ఉంటే రింగులనో వాల్వ్ సీళ్లనో అనుమానించాలి. కానీ మీ కారులో నేను వెతకమనేది కొన దగ్గర కాదు, పైన తెల్ల పింగాణీ మీద. దాన్ని వేళ్ల మధ్య నెమ్మదిగా తిప్పుతూ చూడండి. పై నుంచి కింది లోహపు అంచు దాకా వెంట్రుక మందాన నల్లటి గీత ఒకటి, ఒక్కోసారి పెన్సిల్‌తో గీసినట్టు, కనిపించవచ్చు. గోరుతో గీరినా పోదు. అది విద్యుత్తు దారి తప్పి పాకిన జాడ. అదే సిలిండర్ వైరు టోపీని వెలుతురుకు తిప్పి లోపలికి చూస్తే, గీతకు సరిగ్గా ఎదురుగా రబ్బరు మీద బూడిద రంగు చార కనిపిస్తుంది. ఈ జంట దొరికితే మీ వెతుకులాట దాదాపు పూర్తయినట్టే. అప్పుడు వైరును, ప్లగ్గును కలిపే మార్చాలి. కొత్త వైరులో గీత పడిన ప్లగ్గును ఉంచితే ఆ గీత కొత్త రబ్బరులోనూ దారి చేసుకుంటుంది, గీత పడిన వైరులో కొత్త ప్లగ్గు పెడితే ఏమవుతుందో మీరు ఇప్పటికే చూశారు.

ప్లగ్గు గ్యాప్‌ను ఫీలర్ గేజ్‌తో (సందులు కొలిచే పలుచటి రేకులతో) కొలవండి. చాలా కార్లకు ఇది 0.8 నుంచి 1.1 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది, మీ కారుకు ఎంత ఉండాలో యజమాని పుస్తకంలోనో బానెట్ కింది స్టిక్కర్ మీదనో రాసి ఉంటుంది. పెట్టెలోంచి తీసిన ప్లగ్గుకు గ్యాప్ సరిగ్గానే ఉంటుందన్న నమ్మకంతో కొలవకుండా వేసేవారు చాలామంది ఉన్నారు. తిరిగి బిగించేటప్పుడు స్పానర్ లేకుండా చేత్తోనే చివరిదాకా తిప్పి, ఆ తరువాతే స్పానర్‌తో కాస్త బిగించండి. ఇంజను హెడ్డు అల్యూమినియంతో చేసినది, మరలు చెడితే ఆ ఖర్చు ముందు మనం మాట్లాడుకుంటున్న ఖర్చు చాలా తక్కువ.

తరువాత పరీక్షకు పైసా ఖర్చు లేదు, చీకటి కావాలి. రాత్రి ఎనిమిది దాటాక, వీధి దీపం పడని చోట, గాలి ఆడే చోట కారు నిలబెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచి హ్యాండ్‌బ్రేక్ వేసి, ఇంజను స్టార్ట్ చేసి బానెట్ ఎత్తండి. బట్టలు ఇస్త్రీ చేసేవారు వాడే నీళ్ల స్ప్రే సీసాతో వైర్ల మీద, కాయిళ్ల మీద సన్నటి తుంపర పడేలా కొట్టండి. లీకు ఉంటే నీలం దారం లాంటి వెలుగు వైరు మీద నుంచి హెడ్డు కవరు మీదకు చిటచిటమంటూ పాకడం కనిపిస్తుంది, అదే క్షణంలో ఇంజను తడబడుతుంది. నీటి తుంపర చుక్కలుగా కారేంతగా కొట్టకూడదు. మంచు కురిసినంత తేమ చాలు. ఇంజను నడుస్తుండగా ఆ వైర్లను చేత్తో తాకకూడదు. పేస్‌మేకర్ ఉన్నవారు ఆ దగ్గరికే రాకూడదు. చేతి గడియారం, వదులు చొక్కా చేతులు, మెడలో తువ్వాలు ఉంటే తీసేసి, బెల్టుకూ ఫ్యానుకూ దూరంగా నిలబడండి. ఈ పని ఒంటరిగా చేయకండి, తాళం తిప్పి ఇంజను ఆపడానికి ఒకరు డ్రైవర్ సీట్లో ఉండాలి.

మల్టీమీటర్ మూడు నాలుగు వందల రూపాయలకు దొరుకుతుంది, మీ పాఠశాల ప్రయోగశాలలో ఇప్పటికే ఉండి ఉంటుంది. ఒక్కో వైరును పూర్తిగా బయటికి తీసి రెండు కొసల మధ్య ఓంలు కొలవండి. సాధారణంగా కొన్ని వేల ఓంలు ఉంటుంది, పొడవు వైరుకు ఎక్కువ, పొట్టి వైరుకు తక్కువ. సంఖ్య కన్నా పోలిక ముఖ్యం. పొడవుతో భాగిస్తే నాలుగూ దగ్గరదగ్గరగా రావాలి. ఒకటి మిగతావాటికి రెట్టింపు వస్తే, లేదా వైరును వంచుతుంటే అంకె ఎగిరెగిరి పడుతుంటే, లోపలి తీగ తెగుతోందని అర్థం. ఒక జాగ్రత్త ఉంది. ఈ కొలత తీగ సంగతి చెబుతుంది గానీ పైనున్న రబ్బరు సంగతి చెప్పదు. మీటరు చిన్న బ్యాటరీతో పని చేస్తుంది, లీకు వేల వోల్టుల దగ్గరే బయటపడుతుంది. అందువల్ల ఓంలు సరిగ్గా వచ్చినా చీకటి పరీక్షలో మెరుపు కనిపిస్తే మెరుపునే నమ్మండి.

రెండు కాయిళ్లు ఉన్న మీ కారులో ఒక సౌలభ్యం ఉంది. ఇలాంటి ఇంజన్లలో సాధారణంగా ఒకటో నాలుగో సిలిండర్లకు ఒక కాయిల్, రెండో మూడో సిలిండర్లకు మరొకటి పని చేస్తుంది. జంటలో ఒక్క సిలిండరే తప్పుతుంటే దాని వైరు, ప్లగ్గు మీద అనుమానం. జంటలో రెండూ తప్పుతుంటే ముందు కాయిల్ మీద అనుమానం, అయితే వైరు లోపల పూర్తిగా తెగినా రెండూ తప్పవచ్చు, ఎందుకంటే ఆ రెండు ప్లగ్గులూ ఒకే విద్యుత్తు దారిలో వరుసగా ఉంటాయి. కాయిళ్లు రెండూ ఒకే రకమైతే వాటిని ఒకదాని స్థానంలో ఒకటి మార్చి బిగించి, వారం నడిపి చూడండి. లోపం కాయిల్‌తోపాటు రెండో జంటకు మారితే దోషి దొరికినట్టే. లోపం ఉన్నచోటే ఉంటే కాయిల్ నిర్దోషి, దాని ఖర్చు మీకు మిగిలింది. కొత్త సామాను కొనే ముందు ఉన్న సామానును స్థానం మార్చి చూడటం ఈ పనిలో నేను నేర్చుకున్న అన్నింటికన్నా విలువైన అలవాటు. లోపమున్న కాయిల్ చాలాసార్లు వేడెక్కితేనే తప్పుతుంది, చల్లగా ఉన్నప్పుడు కొలిస్తే బాగానే చూపించవచ్చు. కొలవాలంటే ఘాట్ దిగి వచ్చిన వెంటనే కొలవాలి.

ఏ సిలిండర్ తప్పుతోందో తెలుసుకోవడానికి చాలా షెడ్లలో ఇంజను నడుస్తుండగానే ప్లగ్గు వైరు ఊడదీస్తారు. దయచేసి మీ కారుకు అలా చేయనివ్వకండి. దిక్కు లేని వోల్టేజీ కాయిల్ లోపలే దూకి దాన్ని కాల్చవచ్చు, మండని పెట్రోలు కన్వర్టర్‌లోకి పోతుంది, మనిషికి షాకు కొడుతుంది. దాని బదులు ఒక్కో ఇంజెక్టర్ (సిలిండర్‌కు పెట్రోలు చిమ్మే భాగం) కప్లర్‌ను, అంటే దాని వైరు తగిలే ప్లాస్టిక్ జోడును, ఊడదీసి చూడమనండి. బాగున్న సిలిండర్ కప్లర్ తీస్తే ఇంజను తేడా వెంటనే తెలుస్తుంది, అప్పటికే తప్పుతున్న సిలిండర్ కప్లర్ తీస్తే పెద్ద తేడా ఉండదు. పెట్రోలు కూడా ఆగుతుంది కాబట్టి హాని లేదు. ఈ పరీక్ష మిస్సింగ్ ఉన్న నిమిషాల్లో చేస్తేనే ఫలితం. అందుకే వాన పడిన ఉదయం మెకానిక్‌ను ఇంటికి పిలిపించడం, కారును షెడ్డుకు తీసుకెళ్లడం కన్నా మంచిది. దానికి ఓ రెండు వందలు ఎక్కువైనా ఇవ్వండి.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల క్రితం రేణిగుంట నుంచి ఒక పాత పెట్రోలు కారు నా దగ్గరికి వచ్చింది. హెడ్‌లైట్లు వేసి, ఏసీ పెట్టి రాత్రి పూట నడిపితే మిస్సింగ్, పగలు ఏమీ లేదు. అప్పటికే ఒక షెడ్డులో కాయిల్, మరో షెడ్డులో పెట్రోలు పంపు మార్చారు, ఆ రెండింటి ఖర్చూ ఆ కుటుంబానికి నెలల తరబడి భారమైంది. బ్యాటరీ నుంచి ఇంజనుకు వచ్చే ఎర్త్ వైరు ఇంజనును అంటుకునే చోట బోల్టు కింద పచ్చటి చిలుం గడ్డ కట్టి ఉంది. దాన్ని విప్పి, ఉప్పుకాగితంతో లోహం మెరిసేదాకా రుద్ది బిగించగానే ఆ కారు బాగుపడింది. అప్పటి నుంచి ఏ కారు వచ్చినా నేను ముందు ఎర్త్ వైర్లు, బ్యాటరీ టెర్మినల్స్, కప్లర్లు విప్పి శుభ్రం చేసే తరువాత పనికి వెళతాను. మీరూ అదే చేయండి. అదే చేత్తో ఇంజెక్టర్ వైర్లను ఎలుకలు కొరికాయేమో కూడా చూడండి. చెట్టు కింద రోజుల తరబడి నిలబెట్టే కార్లలో ఇది నేను లెక్కలేనన్ని సార్లు చూశాను.

పైవన్నీ చూసినా ఏమీ దొరకలేదనుకోండి. అప్పుడు గాలి, పెట్రోలు వైపు తిరగాలి. పగిలిన వాక్యూమ్ పైపు (ఇంజను గాలి పీల్చే వైపు ఉండే సన్నటి రబ్బరు గొట్టం) వల్ల వచ్చే మిస్సింగ్ సిగ్నల్ దగ్గర నిలబడినప్పుడు ఎక్కువ, వేగంలో తక్కువ. మీది దానికి వ్యతిరేకం కాబట్టి దీనికి అవకాశం తక్కువ. అయినా మన ఎండలకు రబ్బరు పైపులు ఎండి చీలుతాయి, ఒకసారి వేలితో వంచి చూస్తే పోయేదేమీ లేదు. పెట్రోలు ఫిల్టర్ ఎప్పుడు మార్చారో తెలియకపోతే మార్చండి. పంపు సంగతి తేలాలంటే ప్రెషర్ గేజ్ పెట్టి కొలవాలి, చాలా ఇంజెక్షన్ కార్లలో అది 3 బార్ దరిదాపుల్లో ఉండాలి, రేసు ఇచ్చినప్పుడు కూలిపోకూడదు. గేజ్ పెట్టకుండా పంపు మార్చమనేవారిని గేజ్ ఎక్కడుందని అడగడం మీ హక్కు. ట్యాంకును ఎప్పుడూ రిజర్వులో నడపకండి, పంపును చల్లబరిచేది ట్యాంకులోని పెట్రోలే. మరొకటి కూడా ఉంది. 2023 ఫిబ్రవరిలో మొదలై 2025 నాటికి మన బంకుల్లో ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే మామూలైంది. మీ కారు తయారైనప్పుడు దానికి ఇంత ఇథనాల్ లెక్కలో లేదు. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరు పైపులను త్వరగా పాడు చేయగలదు. కాబట్టి పెట్రోలు పైపుల్లో పగుళ్లు, చెమ్మ, వాసన ఉన్నాయేమో చూడండి, కారును వారాల తరబడి సగం ట్యాంకుతో నిలబెట్టకండి.

ఇంజను లోపలి ఆరోగ్యం తెలుసుకోవాలనుకుంటే దింపనక్కర్లేదు. సిలిండర్‌లో గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటోందో కొలిచే కంప్రెషన్ పరీక్ష గంట పని. నాలుగు ప్లగ్గులూ తీసి, పెట్రోలు, నిప్పు ఆపి, రేసు పెడల్ పూర్తిగా తొక్కి స్టార్టర్‌తో తిప్పితే ఒక్కో సిలిండర్ సుమారు 150 నుంచి 190 పీఎస్‌ఐ మధ్య చూపించాలి, ఒకదానికొకటి పది పదిహేను శాతానికి మించి తేడా ఉండకూడదు. ఏదైనా తక్కువ వస్తే అందులో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలుస్తారు. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు లేదా హెడ్ ప్యాకింగ్. వాల్వు దగ్గర లోపం ఉంటే ట్యాపెట్ల సందు బిగుసుకుపోవడమే కారణం కావచ్చు, అది సర్దుబాటు చేయడానికి కొన్ని వందలు చాలు. ఈ పరీక్ష అంకెలు కాగితం మీద రాసి ఇవ్వనిదే ఇరవై ఎనిమిది వేల పనికి ఒప్పుకోకండి.

చవకైన మరో సాయం మీకు పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చే కేంద్రంలో దొరుకుతుంది. అక్కడ కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్ అంకెలు వస్తాయి. హైడ్రోకార్బన్ ఎక్కువగా ఉండి మోనాక్సైడ్ మామూలుగా ఉంటే మండని పెట్రోలు బయటికి పోతోంది, అంటే మిస్సింగ్. రెండూ ఎక్కువగా ఉంటే పెట్రోలే ఎక్కువ పడుతోంది. వైర్లు మార్చే ముందు ఒకసారి, తరువాత ఒకసారి తీయించి పక్కపక్కన పెట్టుకోండి. వీలైతే రెండుసార్లూ వాతావరణం ఒకేలా ఉన్న రోజులు ఎంచుకోండి.

మీ ఐదు వేలను నేనైతే ఇలా ఖర్చు పెడతాను. ముందు శుభ్రం చేయడం, చూడటం, చీకటి పరీక్ష, వీటికి డబ్బు లేదు. లక్షణాలు నేననుకున్నట్టే ఉంటే మంచి కంపెనీ వైర్ల సెట్టు, నాలుగు ప్లగ్గులు కలిపి తీసుకుంటాను. దుకాణాన్ని బట్టి రెండు వేల దరిదాపుల్లో వస్తాయి. చవకగా దొరికే నకిలీ వైర్లు ఒక్క వానాకాలం దాటవు. కాబట్టి కంపెనీ విడిభాగాల కౌంటర్‌లో బిల్లుతో కొనండి. టోపీల లోపల కొద్దిగా సిలికాన్ గ్రీజు రాయించండి. మిగిలిన మూడు వేలను కదిలించకుండా ఉంచండి. స్థానం మార్చిన పరీక్షలో కాయిల్ దోషి అని తేలితే దానికి, తేలకపోతే ప్రెషర్, కంప్రెషన్ పరీక్షలకు అవి సరిపోతాయి. పాత వైర్లలో ఓంలు బాగా వచ్చిన ఒకదాన్ని, ప్లగ్గు స్పానర్‌ను డిక్కీలో ఉంచుకోండి.

ఇది తేలేవరకు ఒక విషయంలో మాత్రం రాజీ పడకండి. డయాలసిస్ అయ్యాక అమ్మగారికి ఉండే నీరసంలో, కారు పూతలపట్టు దాటాకో చంద్రగిరి దగ్గరో ఆగిపోతే ఆవిడ రోడ్డు పక్కన గంటల తరబడి కూర్చోలేరు. రెండు వారాలు, అంటే నాలుగు ప్రయాణాలు, తెలిసినవారి కారులోనో అద్దె కారులోనో తీసుకెళ్లండి. అది కుదరకపోతే వాన పడని రోజున కనీసం పావుగంట ఇంజను వేడెక్కనిచ్చి బయలుదేరండి, మొబైల్ ఛార్జింగ్ నిండుగా ఉంచుకోండి, తిరుపతిలో మీకు తెలిసిన ఒకరికి బయలుదేరిన సమయం చెప్పండి. తిరుమల మొక్కు ఏదైనా ఉంటే ఈ కారును అలిపిరి దాటించకండి. ఎక్కే దారిలో ఒక వంపు దగ్గర కుదుపు వచ్చి ఇంజను ఆగితే వెనుక వచ్చే బస్సులకు చోటుండదు. కింద కారు పెట్టి బస్సులో వెళ్లిరండి.

పింగాణీ మీద గీత కనిపించిందా లేదా, ఏ సిలిండర్‌లో, నోటు పుస్తకంలోని మొదటి పది నమోదులు ఏమంటున్నాయి, ఈ మూడూ రాసి పంపండి. గీత లేకపోతే రెండో అడుగు ఏమిటన్నది ఆ నమోదులు చూసి మీకు విడిగా రాస్తాను.